దొంగనోటు పట్టడానికి చెయ్యా, లైటా, మెషినా? బెంగళూరులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్లకి ఎంపిక సలహా

మారతహళ్లిలో పీజీలు (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు) నడిపేవాళ్లు, బీటీఎం లేఅవుట్‌లో ఆంధ్రా మెస్ పెట్టుకున్నవాళ్లు, యశవంతపుర యార్డులో మండీ ఉన్నవాళ్లు, నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్ చూసినవాణ్ణని తెలియగానే అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ మెషిన్ కొనమంటారు సార్?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. మెషిన్ పేరు తర్వాత చూద్దాం, ముందు మీకు డబ్బు ఎలా వస్తుందో చూసుకోండి. నోటు ఇచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే అది మంచిదో కాదో తేలాలి. అతను చిల్లర తీసుకుని వెళ్లిపోయాక, రాత్రి షట్టర్ దించి లెక్కపెట్టుకునేటప్పుడు దొరికిన దొంగనోటు మీకు ఎంత నష్టం వచ్చిందో చెబుతుంది తప్ప ఆ నష్టాన్ని ఆపదు. ఐదు వందల రూపాయల లైటైనా, లక్ష రూపాయల యంత్రమైనా నేను తూచేది ఈ ఒక్క తూకంతోనే.

ఇంకో మాట. ఈ రోజున మీరు జాగ్రత్తపడాల్సింది ముఖ్యంగా 500 నోటు గురించి. 2025 మార్చి చివరికి చలామణిలో ఉన్న నోట్ల మొత్తం విలువలో 85 శాతానికి పైగా దానిదే. రిజర్వ్ బ్యాంకు లెక్కల ప్రకారం 2024-25లో పట్టుబడిన కొత్త సిరీస్ 500 దొంగనోట్లు లక్షా పదిహేడు వేలకు పైనే. అంతకుముందు ఏడాది కంటే ఇది 37 శాతం ఎక్కువ. ఇవి బ్యాంకింగ్ వ్యవస్థలో పట్టుబడినవి మాత్రమే. దాని తర్వాత చూడాల్సింది 200. చిన్న నోట్ల మీద అంత సమయం పెట్టక్కర్లేదు.

చెయ్యీ, కన్నూ

ఒక కొత్త 500 నోటు చేతిలోకి తీసుకుని, గాంధీగారి బొమ్మ మీవైపు ఉండేలా పట్టుకోండి. కుడి, ఎడమ అంచుల్లో ఏటవాలుగా ఐదేసి గీతలు కనిపిస్తాయి. వాటి మీద బొటనవేలి గోటిని అడ్డంగా లాగండి. గరగరమని తగులుతాయి. చూపు లేనివాళ్లు నోటును గుర్తుపట్టడానికి పెట్టిన గీతలివి. 200 నోటుకు నాలుగేసి గీతలు, వాటి మధ్య రెండు సున్నాలు ఉంటాయి. 100 నోటుకు నాలుగేసి గీతలే. గాంధీగారి బొమ్మ, కుడివైపున్న అశోక స్తంభం కూడా వేలికి ఉబ్బుగా తెలుస్తాయి. లోహపు పలకలో లోతుగా చెక్కిన గీతల్లో చిక్కటి సిరా నింపి, కాగితాన్ని బ్రహ్మాండమైన ఒత్తిడితో దాని మీద అదిమితే వచ్చే ఉబ్బు అది. దీన్ని ఇంటాగ్లియో అంటారు. ఆఫీసు కలర్ ప్రింటర్ సిరాను కాగితం మీద చల్లుతుంది, లేదా పూత పూస్తుంది. ఈ ఉబ్బు దానివల్ల కాదు.

ఇక నోటును కొంచెం వంచండి. కుడివైపు కింద రూపాయి గుర్తుతో కలిపి 500 అంకె ఉంది కదా, తిన్నగా చూస్తే ఆకుపచ్చ, వంచితే నీలం. మధ్యలో మెరిసే దారం కూడా అంతే, ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. ఆ దారం మీద దేవనాగరిలో భారత్ అని, ఇంగ్లిష్‌లో ఆర్‌బీఐ అని ఉంటుంది. ఎంత ఖరీదైన జిరాక్స్ యంత్రమైనా ఏదో ఒక్క రంగునే కాపీ చేయగలదు. రంగు మారడాన్ని కాపీ చేయలేదు. రంగు మారే అంకె 200 నోటుకూ ఉంది. లావెండర్ రంగు 100 నోటు మీద వెతక్కండి, అక్కడ దారం ఒక్కటే రంగు మారుతుంది.

గోరు ఒకసారి, వంపు ఒకసారి. అలవాటైతే రెండు సెకన్ల పని. కౌంటర్ దగ్గర జనం వరస కట్టి ఉన్నా చేయగలిగింది ఇదే, అందుకే నా లెక్కలో మొదటి స్థానం దీనిదే. అనుమానం వస్తేనే మూడో పని, లైటుకు ఎత్తి పట్టి చూడటం. ఎడంగా విడివిడి ముక్కల్లా కనిపించే దారం వెలుతురులో ఒకే నిలువు గీతగా కనబడాలి. ఖాళీగా ఉన్న చోట గాంధీగారి ముఖం వెలుగునీడలతో మెత్తగా తేలాలి, పక్కనే 500 అంకె ఇంకాస్త తెల్లగా మెరవాలి. వాటర్‌మార్క్ కాగితం తయారయ్యేటప్పుడే పుడుతుంది, కాగితం మందం ఒకచోట పలచగా, ఒకచోట చిక్కగా ఉండటం వల్ల కనిపిస్తుంది. దొంగనోటులో దాన్ని లేత సిరాతో అచ్చు వేస్తారు, కాబట్టి లైటుకు ఎత్తకుండా బల్ల మీద ఉన్నప్పుడే ముఖం మసగ్గా కనిపిస్తే మీరు నమ్మకూడదు.

మన తెలుగువాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. నోటు వెనకవైపు ఎడమన 15 భాషల పట్టీ ఉంటుంది. తమిళం కిందే తెలుగు వరస. మన అక్షరాల గుండ్రదనం మన కంటికి బాగా తెలుసు కాబట్టి ఆ వరస చదివి చూడండి. మామూలు ప్రింటర్‌తో తీసినదైతే అంత చిన్న సైజులో గుడులు, కొమ్ములు పూడుకుపోయి మరకల్లా కనిపిస్తాయి. అసలు నోటులో ప్రతి అక్షరం విడిగా నిలబడుతుంది.

నంబర్లు కూడా చూడండి. ఎడమ పైన ఒకటి, కుడి కింద ఒకటి ఉంటాయి. అంకెలు చిన్నగా మొదలై పెద్దవవుతూ పోతాయి. టేపు అతికించిన నోటు ఇస్తే ఆ రెండు నంబర్లూ ఒకటేనా అని చూసుకోవాలి. వేర్వేరు నోట్ల ముక్కలు కలిపి అతికించేవాళ్లూ ఉన్నారు. కాగితం అసలైనదే కాబట్టి గోరూ, లైటూ రెండూ పాస్ చేసేస్తాయి.

చేతి పరీక్షకు పరిమితులు లేకపోలేదు. చేపల మార్కెట్‌లో, బస్సు కండక్టర్ సంచీలో తిరిగి తిరిగి నలిగిన నోటుకు ఉబ్బు అరిగిపోతుంది. గోటికి తగల్లేదని దాన్ని దొంగనోటు అనకూడదు, రంగు మారుతుందో లేదో చూసి తేల్చుకోవాలి. రెండోది వెలుతురు. పసుపు బల్బు కింద ఆకుపచ్చకీ నీలానికీ తేడా సరిగ్గా తెలియదు. అందుకే ఎవరైనా ఏం కొనమంటారని అడిగితే నేను మొదట చెప్పేది గల్లాపెట్టె పైన ఒక తెల్లటి ఎల్‌ఈడీ బల్బు. మెస్సుల్లో కౌంటర్ ఎప్పుడూ మూలన, అరకొర వెలుతురులో ఉంటుంది. ముందు అది మార్చండి.

మూడోది మొహమాటం. నోటును వంచి చూస్తుంటే కస్టమర్ నొచ్చుకుంటాడని భయం. "ఏంటన్నా, నా మీద నమ్మకం లేదా?" అంటాడు. "నమ్మకం లేక కాదు తమ్ముడూ, ఐదొందలు ఎవరిచ్చినా ఇలాగే చూస్తాం" అని ఒక్క ముక్క అంటే చాలు. ఆ మాట నిజం కూడా కావాలి. చొక్కా నలిగినవాడి నోటు మాత్రమే చూసి, టై కట్టినవాడి నోటు చూడకుండా పెట్టెలో వేసే కౌంటర్‌లో పనివాడు ఏమీ నేర్చుకోడు, పైగా అది మర్యాద కాదు.

నమ్మకూడని కొండగుర్తులు రెండు. నంబర్‌లో నక్షత్రం గుర్తు ఉంటే దొంగనోటు అని వాట్సాప్‌లో తిరిగింది. ముద్రణలో పాడైన నోటు బదులు వేసే నోటుకు ఆ గుర్తు పెడతారు, అది పూర్తిగా చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు 2023 జులైలో స్పష్టంగా చెప్పింది. దారం గాంధీగారి బొమ్మకు దగ్గరగా ఉంటే నకిలీ, గవర్నర్ సంతకం వైపు ఉంటే అసలు అన్న వీడియో కూడా తప్పే. మీ పనివాళ్ల ఫోన్లలో ఇలాంటివి ఉంటే కూర్చోబెట్టి చెప్పండి. వాటిని నమ్మి మంచి నోటు తిప్పి పంపడం కూడా నష్టమే.

లైటు, భూతద్దం, పెన్ను, యాప్

నోటు కాగితం చెట్ల గుజ్జుతో కాదు, పత్తితో చేసింది. మామూలు తెల్ల కాగితంలో తెలుపు ఎక్కువగా కనిపించడానికి ఒక రసాయనం కలుపుతారు, అతినీలలోహిత (యూవీ) కిరణాలు పడితే అది నీలిగా మెరుస్తుంది. నోటు కాగితం మెరవదు. యూవీ లైటు కింద అసలు నోటు మబ్బుగా, నిస్తేజంగా ఉండి నంబర్లు మాత్రం వెలుగుతాయి, కాగితంలో కలిసిన సన్నటి పోగులు అక్కడక్కడా మెరుస్తాయి. చౌకరకం జిరాక్స్ నోటైతే మొత్తం కాగితమే ట్యూబ్‌లైట్‌లా నీలిగా వెలుగుతుంది.

ఈ కాగితం బజారులో దొరక్కపోవడమే అసలు రక్షణ. మన పక్కనే మైసూరులో నోట్ల ముద్రణాలయం ఉంది, నోటు కాగితం మిల్లు ఉంది, 2022లో సిరా తయారీ కేంద్రం కూడా వచ్చింది. ముద్రణాలయం నడిపే సంస్థ ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే. కాగితం, సిరా, అచ్చు మూడూ గట్టి కాపలాలో ఉంటాయి కాబట్టి దొంగ ముద్రకుడు ఏదో ఒకచోట రాజీపడక తప్పదు. మీరు వెతకాల్సింది ఆ రాజీనే.

యూవీ లైటు కొనేటప్పుడు ఒక్కటి అడగండి: దాని వెలుగు తరంగదైర్ఘ్యం ఎన్ని నానోమీటర్లు? 365 అయితే తీసుకోండి. ఎస్పీ రోడ్డులో కీచైన్‌లకు తగిలించి అమ్మే ఊదారంగు టార్చీలు చాలామటుకు 395 రకం. వాటి వెలుగులో నోటంతా ఊదాగా కనిపించి నంబర్ల మెరుపు తేలిపోతుంది. మంచి లైటు కొన్ని వందల్లోనే వస్తుంది. కంట్లోకి వేసుకోవద్దు, పిల్లల చేతికి ఇవ్వద్దు.

లైటు చెప్పిందే వేదం అనుకోకూడదు. చొక్కా జేబులో ఉండిపోయి సర్ఫ్ నీళ్లలో నానిన మంచి నోటు కూడా మెరుస్తుంది, ఎందుకంటే బట్టల సబ్బులో కూడా అలాంటి రసాయనమే ఉంటుంది. మెరవని కాగితం సంపాదించిన దొంగనోటు లైటు కింద బుద్ధిగా కూర్చుంటుంది. గోరుకూ వంపుకూ తోడుగా వాడితే లైటు మంచిదే. ఒక్క లైటునే నమ్ముకునే కౌంటర్ కంటే, లైటు లేకపోయినా నోటు వంచి చూసే కౌంటర్ మేలు.

కంసాలి కంటికి పెట్టుకునే పదిరెట్ల భూతద్దం ఒకటి పెట్టెలో ఉంచుకోండి. రోజూ వాడే వస్తువు కాదు. కానీ ఒక నోటు గురించి మీకూ, మీ పనివాడికీ మాట కుదరనప్పుడు అది తగవు తీర్చేస్తుంది. గాంధీగారి భుజం దగ్గర గీతలు చూడండి. అసలు నోటులో గీత గీతలాగే ఉంటుంది, అంచులు తెగినట్టు స్పష్టంగా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ నోటులో గీత అనేదే ఉండదు. గులాబీ, నీలం, పసుపు చుక్కలు ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి.

పెన్ను వద్దు. గీస్తే నల్లబడితే దొంగనోటు అనే ఆ మార్కర్‌లో ఉండేది అయోడిన్. కాగితంలో గంజి ఉంటే అది నల్లబడుతుంది. గంజి లేని కాగితం వాడితే దొంగనోటు దర్జాగా పాసవుతుంది. గంజి పెట్టిన పంచె మడతలో ఉన్న మంచి నోటు మీద మరక పడే అవకాశం ఉంది.

ఫోన్ యాప్‌ల గురించి గట్టిగా చెప్పాలి. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి 1న తెచ్చిన మణి యాప్ చూపు లేనివాళ్లకు ఇది ఎంత నోటు అని చెబుతుంది, నెట్ లేకున్నా పనిచేస్తుంది. చాలా మంచి యాప్. కానీ నోటు అసలుదా, నకిలీదా అన్నది అది చెప్పదు, చెప్పదని రిజర్వ్ బ్యాంకే రాసింది. కెమెరాతో ఫోటో తీసి దొంగనోటు పట్టేస్తామనే మిగతా యాప్‌లను నేను కౌంటర్ మీదికి రానివ్వను. ఫోన్ కెమెరాకు ఉబ్బు తెలీదు, దానికి కనిపించేది ఒక బొమ్మ. రంగు బాగా కుదిరిన జిరాక్స్ కూడా దానికి ఒక మంచి బొమ్మే.

మెషిన్ ఎవరికి, ఎలాంటిది

రోజుకు రెండు మూడు కట్టలకు మించి 500లు వస్తుంటే మెషిన్ కొనడంలో అర్థం ఉంది. అంతకంటే తక్కువైతే వేళ్లతో లెక్కపెట్టుకోండి, ప్రతి నోటూ చేతిలోంచి వెళ్తుంది కాబట్టి పరీక్ష కూడా అయిపోతుంది.

బజారులో స్థూలంగా మూడు తరగతులున్నాయి. మొదటిది లూజ్ నోట్ కౌంటింగ్ మెషిన్. కొన్ని వేలల్లో వస్తుంది. నోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది, యూవీ సెన్సర్, అయస్కాంత సెన్సర్ ఉంటే అనుమానం వచ్చినచోట ఆగి బీప్ కొడుతుంది. 500 కట్టలో ఒక 200 నోటు కలిసినా దీనికి అది ఒక నోటే. దొంగనోటు కంటే ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. రెండోది మిక్స్ వాల్యూ కౌంటర్. ఇందులో సీఐఎస్ అనే సెన్సర్ నోటు మొత్తాన్ని బొమ్మగా చదివి, ఏ నోటో గుర్తుపట్టి, మొత్తం విలువ చూపిస్తుంది. ధర రెండు మూడింతలు ఎక్కువ. మూడోది రెండు అరల సార్టర్. అనుమానం ఉన్నదాన్ని ఆగకుండా పక్క అరలోకి తోసేస్తుంది. ఇది బ్యాంకులకూ, పెద్ద నగల షాపులకూ కావలసింది. నోట్ సార్టింగ్ మెషిన్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 18663 అనే ప్రమాణం 2024లో తెచ్చింది. ఈ తరగతి యంత్రం కొనేవాళ్లు అది ఉందా అని అడిగి, కాగితం మీద చూపించమనండి.

అమ్మేవాళ్లు పెట్టె మీద యూవీ, ఎంజీ, ఐఆర్ అని అంటిస్తారు. యూవీ కాగితం మెరుపు చూస్తుంది. ఎంజీ దారంలో, సిరాలో ఉన్న అయస్కాంత గుణం చూస్తుంది. ఐఆర్ సిరా పరారుణ కాంతిని ఎక్కడ పీలుస్తుందో, ఎక్కడ వదిలేస్తుందో చూస్తుంది, కంటికి ఒకే రంగులో కనిపించే రెండు సిరాలు అక్కడ వేరుగా తేలతాయి. మూడూ కలిసి ఉండాలి. యూవీ ఒక్కటే ఉన్న మెషిన్ మీ చేతిలోని లైటు చేసే పనే చేస్తుంది, కాకపోతే మోటారుతో.

షాపులో డెమో ఎలా ఇస్తారో చూడండి. చాలాచోట్ల తెల్ల కాగితం మీద తీసిన కలర్ జిరాక్స్ వేసి, బీప్ వచ్చిందని చూపిస్తారు. అది కాగితం మెరుపును పట్టింది, అంతే. దానితో మిగతా సెన్సర్ల సంగతి ఏమీ తేలదు. పైగా నోటును పోలిన కాగితం తయారు చేయడమే చట్టప్రకారం నేరం, డెమో కోసమైనా సరే. మీరు చేయాల్సిన పరీక్ష వేరే ఉంది. మీ గల్లాపెట్టెలోంచి వంద నోట్ల కట్ట తీసుకెళ్లండి. బ్యాంకు నుంచి వచ్చిన కొత్త కట్ట కాదు, నలిగినవి, మడతపడినవి, నూనె అంటినవి కలిపింది. మూడుసార్లు వేయండి. మూడుసార్లూ అదే సంఖ్య రావాలి. మంచి నోట్లకు ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టండి. మాటిమాటికీ ఆగే మెషిన్ ప్రమాదం. ఎందుకంటే వారం తిరిగేసరికి మీ పనివాడు విసుగొచ్చి సెన్సర్ తీవ్రత తగ్గించేస్తాడు, లేదా ఆపేస్తాడు. ఆ తర్వాత అది వట్టి లెక్కపెట్టే యంత్రం. తర్వాత కట్ట మధ్యలో ఒక 200 పెట్టి వేసి చూడండి. రెండు నోట్లు అంటుకుని వెళ్తే పట్టుకుంటుందో లేదో చూడండి.

కొనేముందు అడగాల్సిన ఇంకో ప్రశ్న సాఫ్ట్‌వేర్ గురించి. 2016 నవంబర్‌లో కొత్త 500 వచ్చింది, 2017 ఆగస్టులో 200, 2018లో కొత్త 100. ప్రతిసారీ కొత్త కొలత, కొత్త రంగు వచ్చాయి. అప్పట్లో ఏటీఎంలనే ఒక్కొక్కటిగా సర్దాల్సి వచ్చింది. రేపు ఇంకో నోటు వస్తే అప్‌డేట్ ఎవరు చేస్తారు, డబ్బు తీసుకుంటారా, మనిషి ఇక్కడికి వస్తాడా, లేక మెషినే ఎక్కడికో పంపాలా? ఈ జవాబు బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్‌లో రెండు వేలు తక్కువకు దొరికిందని కొని, సర్వీసుకు ఎవరూ రాక మూలన పెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఎస్పీ రోడ్డులోనో, జేసీ రోడ్డు చుట్టుపక్కలో సర్వీసు ఇచ్చే షాపు ఉంటే రెండు వేలు ఎక్కువ పెట్టండి. మెషిన్ లోపల దుమ్ము వారానికొకసారి మెత్తటి బ్రష్‌తో దులపాలి. సెన్సర్ మీద దుమ్ము పేరుకుంటే మంచి నోటుకు బీప్ కొడుతుంది.

నా ఎంపిక, వ్యాపారాన్ని బట్టి

మెస్, టిఫిన్ సెంటర్, కిరాణా: తెల్ల బల్బు, 365 లైటు, పెట్టెలో భూతద్దం. మెషిన్ వద్దు. మెషిన్ ఉందన్న ధైర్యంతో కౌంటర్ కుర్రాడు నోటు చూడకుండా పెట్టెలో వేయడం మొదలుపెడతాడు. ఆ డబ్బుతో అతనికి గోరూ వంపూ నేర్పించండి.

యార్డులో మండీ: ఇక్కడ డబ్బు కట్టలుగా వస్తుంది, ఇచ్చినవాడు టీ తాగుతూ ఎదురుగానే కూర్చుంటాడు. మదనపల్లె నుంచో, కర్నూలు నుంచో వచ్చిన సరుకుకు వెంటనే అదే డబ్బు ఇవ్వాల్సి ఉంటుంది. మీ చేతుల మీదుగా రైతుకు దొంగనోటు వెళ్తే పోయేది ఐదొందలు కాదు, మాట పోతుంది. మిక్స్ వాల్యూ కౌంటర్ కొనండి, మూడు సెన్సర్లూ ఉన్నది. దాన్ని లోపలి గదిలో పెట్టకండి. ఇచ్చేవాడికీ, పుచ్చుకునేవాడికీ అంకె కనిపించేలా బల్ల మధ్యలో పెట్టండి.

చిక్కపేటలో చీరల షాపు లాంటిదైతే పండగ సీజన్‌లో తప్ప నగదు తగ్గింది. మూడు సెన్సర్లున్న లూజ్ నోట్ కౌంటర్ సరిపోతుంది.

పీజీ: నెల మొదటి వారంలో అద్దెలు, అడ్వాన్సులు వస్తాయి, తర్వాత ఏమీ ఉండదు. నెలకు వారం వాడేదానికి మెషిన్ దండగ. అద్దె తీసుకునేటప్పుడు కుర్రాడి ఎదురుగానే ఒక్కొక్క నోటూ వంచి చూసుకోండి. మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు నోటు కాదు, గుర్తింపు కాగితాలు, అగ్రిమెంట్లు. దాని గురించి చివర్లో చెబుతాను.

దొంగనోటు దొరికితే

ఇచ్చిన మనిషి ఎదురుగా ఉంటే గొడవ వద్దు. "ఇది అనుమానంగా ఉంది, ఇంకోటి ఇవ్వండి" అనండి. అతనూ మోసపోయి ఉండొచ్చు.

మీ పెట్టెలోకి వచ్చేశాక మాత్రం అది ఇక కదలకూడదు. దొంగనోటు అని తెలిసి ఇంకొకరికి ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ కింద నేరం. తెలిసీ, చలామణి చేసే ఉద్దేశంతో దగ్గర పెట్టుకోవడం 180 కింద నేరం. సరైన మార్గంలోనే వచ్చిందని నిరూపించగలిగితే ఆ 180 సెక్షన్ వర్తించదు. అందుకే ఎవరు ఇచ్చారు, ఏ రోజు, ఏ బిల్లు అని ఒక చీటీ రాసి నోటుతో పాటు బ్యాంకుకు తీసుకెళ్లండి. బ్యాంకు దాని మీద నకిలీ నోటు అని ముద్ర వేసి తన దగ్గరే ఉంచుకుంటుంది, డబ్బు ఇవ్వదు, నోటు తిరిగి ఇవ్వదు. రసీదు మాత్రం ఇచ్చి తీరాలి, అడిగి తీసుకోండి. ఒకే లావాదేవీలో నాలుగు నోట్ల దాకా అయితే బ్యాంకు నెలాఖరు నివేదికలో పోలీసులకు తెలియజేస్తుంది. ఐదు, ఆపైన ఉంటే వెంటనే ఎఫ్‌ఐఆర్‌కు వెళ్తుంది. ఈ సంగతి తెలియక, ఒక్క నోటుకే పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలేమో అని భయపడి చించి పారేసేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. పనివాళ్లకు చూపించడానికి శాంపిల్‌గా దాచుకోవడం కూడా వద్దు.

పీజీవాళ్లకి: ఆధార్, అగ్రిమెంటు

నోటుకూ, కాగితానికీ ఒక పెద్ద తేడా ఉంది. నోటు అసలుదా అని ముద్రించినవాణ్ణి ఫోన్ చేసి అడగలేం, అందుకే ఉబ్బూ, రంగూ చూస్తున్నాం. గుర్తింపు కార్డులూ, స్టాంపు కాగితాలూ ఇచ్చినవాళ్లను ఇప్పుడు నేరుగా అడగొచ్చు. అడిగే దారి ఉన్నచోట కాగితం అందాన్ని చూసి నమ్మడం సరికాదు.

ఆధార్ జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టుకోవడం వల్ల ఏమీ రుజువు కాదు. ఫోటో మార్చి, పేరు మార్చి ప్రింట్ తీయడం పది నిమిషాల పని. బజారులో ప్లాస్టిక్ కార్డు మీద అచ్చు వేయించుకున్నవాటిని వాడొద్దని ఆధార్ సంస్థే 2022లో చెప్పింది. ఆ సంస్థే ఇచ్చే ప్లాస్టిక్ (పీవీసీ) కార్డుకు హోలోగ్రామ్, నీడ బొమ్మ, సన్నటి అల్లిక గీతలు ఉంటాయి. కానీ వాటిని చూసి తేల్చేంత అలవాటు మనకు ఉండదు. క్యూఆర్ కోడ్ ఒక్కటే సులువైన దారి. అందులో పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోటో ఉంటాయి, వాటి మీద ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం సరిపోదు. డబ్బులు పంపే యాప్‌తో స్కాన్ చేస్తే అర్థంకాని అంకెలు వరసగా వస్తాయి, అది చూసి పాడైపోయిందనుకోకండి. ఆధార్ సంస్థ సొంత యాప్‌తోనే స్కాన్ చేయాలి. తెరమీద వచ్చిన ఫోటోను కార్డు మీది ఫోటోతో కాదు, ఎదురుగా ఉన్న కుర్రాడి ముఖంతో పోల్చండి. మొదటి ఎనిమిది అంకెలు కప్పేసిన మాస్క్‌డ్ ఆధార్ ఇస్తానంటే తీసుకోండి, దాని క్యూఆర్ కూడా పనిచేస్తుంది. ఇరవై ఏళ్ల పిల్లల పూర్తి ఆధార్ నంబర్లు మీ టేబుల్ సొరుగులో పడి ఉండటం వాళ్లకు క్షేమం కాదు.

డ్రైవింగ్ లైసెన్స్ అయితే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో చూపించమనండి. స్క్రీన్‌షాట్ కాదు, మీ ముందే యాప్ తెరిచి చూపించాలి. అందులో జారీ అయిన పత్రాలు అసలు పత్రాలతో సమానమని 2017 నుంచి నిబంధన ఉంది. కంపెనీ ఐడీ కార్డును లెక్కలోకి తీసుకోకండి, అది ఏ షాపులోనైనా అచ్చవుతుంది.

ఇక భవనం లీజు అగ్రిమెంటు. ఇందులో లక్షల అడ్వాన్సు ముడిపడి ఉంటుంది. నకిలీ స్టాంపు కాగితాల తెల్గీ వ్యవహారం ఈ ఊళ్లోనే ఎంత దూరం పాకిందో పాతవాళ్లకు తెలుసు. ఆ కాగితాలు చూడటానికి అచ్చం అసలువాటిలాగే ఉండేవి. స్టాక్ హోల్డింగ్ అనే సంస్థ ద్వారా జారీ అయిన ఈ-స్టాంప్ (కంప్యూటర్ రికార్డులో నమోదయ్యే స్టాంపు) అయితే మామూలు కాగితం మీద ప్రింటయి వస్తుంది, చేత్తో తడిమి తెలుసుకునేది అందులో ఏమీ లేదు. దాని బలమంతా పైనున్న సర్టిఫికెట్ నంబర్‌లో ఉంది. కర్ణాటకదైతే అది ఐఎన్-కేఏ అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలవుతుంది. స్టాక్ హోల్డింగ్ సంస్థ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, ఆ నంబర్, జారీ అయిన తేదీ, అడిగిన మిగతా వివరాలు ఇస్తే రికార్డు తెరుచుకుంటుంది. వాళ్ల యాప్‌తో స్కాన్ చేసినా సరే. జిరాక్స్ షాపువాడు చేసి తెచ్చి ఇచ్చాడని వదిలేయకుండా, సంతకం పెట్టకముందే ఇది చూడండి. తెరమీద మొదటి పార్టీ పేరు, రెండో పార్టీ పేరు, స్టాంపు డ్యూటీ మొత్తం, తేదీ నాలుగూ కాగితంతో కలవాలి. నంబర్ అసలుదే అయినా రికార్డులో రెండో పార్టీగా ఇంకెవరి పేరో ఉంటే, ఆ స్టాంపు మీ అగ్రిమెంటుది కాదు. అడ్వాన్సు చెక్కు అప్పటిదాకా మీ జేబులోనే ఉంచుకోండి.